కనాతు లోపల మబ్బు పాట

పాటల టీచరు ఉద్యోగమంటే బడిలో మిగతా వాళ్లందరికీ ఒక ఖాళీ పీరియడు. లెక్కల టీచరుకు పాఠాలు మిగిలిపోతే నా పీరియడు లాక్కునేది. డ్రిల్లు టీచరుకు తలనొప్పి వస్తే ఆ పిల్లల్ని కూడా నా గదిలోకే తోలేవారు. ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు నా దగ్గరికొచ్చి, "మీ రోజుల్లో కళలకి ఎంత గౌరవమో కదా" అంటుంటారు. అమ్మా, ఏ గౌరవమూ లేదు. ఉన్నదల్లా ఒక పాత హార్మోనియం. దాని తిత్తికి చిరుగు. గట్టిగా నొక్కితే పాటకంటే ముందు దాని ఆయాసం వినిపించేది.

మీరు అడిగారు కాబట్టి ఆ హార్మోనియంతో మెదక్ ఆడపిల్లల హైస్కూల్లో నేను వేయించిన ఒక్క నాటకం గురించి చెబుతాను. వినడానికి సరదాగానే ఉంటుంది, చివరిదాకా మాత్రం కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు నాకు అక్కడ పోస్టింగు వచ్చింది. నేను కృష్ణకు అవతలి దాన్ని. "రండి, కూర్చోండి" అంటే చాలు, పిల్లలు ఓణీ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవారు. వెనకాల నాకు పెట్టుకున్న పేరు 'అండీ టీచర్'. వాళ్లు మాట్లాడేది నాకు సగం అర్థమయ్యేది కాదు. "గట్లనే టీచర్" అని వాళ్లు ఒప్పుకుంటుంటే, ఎదురు చెబుతున్నారేమోనని నేను కోప్పడేదాన్ని. స్టాఫ్ రూములో అందరూ మంచివాళ్లే. టీ ఇచ్చేవారు, ఊరగాయ పెట్టేవారు. సాయంత్రం గంట కొట్టగానే ఎవరి సంసారానికి వాళ్లు పోయేవారు. నాకు సంసారం లేదు. పెళ్లి కాలేదు, తర్వాత కూడా కాలేదు, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. పొద్దున వండిన పప్పునే సాయంత్రం వెచ్చబెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని ఖిల్లా గుట్ట వంక చూసేదాన్ని. చాలా ఒంటరిగా ఉండేదాన్ని. ఆదివారాలైతే ఒక్క మనిషితోనైనా మాట్లాడకుండా గడిచిపోయేవి.

నా గది ఒక దర్జీ ఇంటిని ఆనుకుని ఉండేది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, పాత మట్టిగోడ. ఆయనకు భార్య పోయింది. ఒక్కతే కూతురు. ఇంటి వాకిలికి గోనెపట్టా పరదా వేలాడుతుండేది. పగలంతా కుట్టుమిషను చప్పుడు గోడలోంచి నా గదిలోకి వచ్చేది. మొదట చిరాకు పడ్డాను గానీ, తర్వాత అది ఆగితే ఏమైందోనని చెవి ఒగ్గేదాన్ని.

పొద్దున్నే నేను సాధన చేసుకునేదాన్ని. ఒకరోజు ఒక వరస పాడి ఊపిరి కోసం ఆగాను. గోడ అవతలి నుంచి అదే వరస తిరిగి వచ్చింది. సన్నగా, తడబాటు లేకుండా, నేను పలికించలేని ఒక గమకంతో సహా వచ్చింది. నేను ఇంకో వరస పాడాను. అదీ వచ్చింది. ఆ పూట బడికి ఆలస్యంగా వెళ్లి పెద్ద టీచరమ్మ చేత చీవాట్లు తిన్నాను. చీవాట్లు తింటూ కూడా నవ్వుతున్నానట, ఆవిడకు ఇంకా ఒళ్లు మండింది.

ఆ గొంతు ఎవరిదో తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా క్లాసులోనే చివరి బెంచీలో కూర్చునే పిల్ల. గేటు దాకా బురఖాలో వచ్చి, లోపలికి రాగానే మడిచి సంచిలో పెట్టుకునేది. పాడమంటే తల దించుకునేది. ఇన్నాళ్లూ ఆమెకు గొంతే లేదనుకున్నాను.

"క్లాసులో ఎందుకు పాడవు?" అని అడిగాను.

"అందరు నా దిక్కు చూస్తరు టీచర్. గోడ అయితే చూడదు."

ఆ పిల్లకు పాట కంటే చదువు మీద ఎక్కువ ఆశ. మెట్రిక్ పాసై, ట్రైనింగ్ చేసి, టీచరు కావాలి. "టీచరయితే బురఖా ఏసుకొని అయినా దినాం బయటికి పోవచ్చు. ఎవ్వరు ఏమనరు" అంది. మెట్రిక్‌కు ఇంకొక్క ఏడాది ఉంది. ఆమె పెదనాన్న అదే గల్లీలో ఉంటాడనీ, ఆడపిల్లకు ఇంత చదువెందుకని తండ్రిని రోజూ పోరుతున్నాడనీ కూడా చెప్పింది. తండ్రి ఇప్పటిదాకా ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

ఆ ఏడు వార్షికోత్సవానికి ఏదైనా చేయమన్నారు పెద్ద టీచరమ్మ. మామూలుగా అయితే కిరీటాలూ మీసాలూ ఉన్న నాటకం వేయాలి. ఆడపిల్లలకు మీసాలు పెట్టి రాజుల్ని చేస్తే ప్రేక్షకులకంటే ముందు ఆ రాజులే నవ్వుతారు. అందుకని నేనే ఒకటి రాసుకున్నాను. ఒక ఊరి మీద అలిగి మబ్బు వెళ్లి కొండ వెనక దాక్కుంటుంది. నేల దాన్ని పిలుస్తూ ఉంటుంది. మాటలు తక్కువ, అంతా పాటే. నేల ఒక ప్రశ్న పాడుతుంది:

"కొండ వెనక ఉన్నావా మబ్బా, కొండ వెనక ఉన్నావా?"

కొంచెం ఆగాలి. ఆ తర్వాత మబ్బు జవాబిస్తుంది:

"ఉన్నానమ్మా ఉన్నాను, గాలి వీస్తే వస్తాను."

గొప్ప కవిత్వమేం కాదని నాకూ తెలుసు. బాణీ మాత్రం బాగుండేది.

నేల వేషానికి టేక్మాల్ నుంచి వచ్చి మెదక్‌లో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే ఒక పటేలు గారి అమ్మాయిని తీసుకున్నాను. పిల్ల బొద్దుగా, ధైర్యంగా ఉండేది. కదిలితే స్టేజీ కూడా కదిలేది. మబ్బు ఎవరో నేను ముందే అనుకున్నాను. కానీ అందుకు దర్జీ ఒప్పుకోవాలి.

వాళ్ల వాకిట్లో, పరదా ఇవతల నిలబడి అడిగాను. ఆయన మిషను ఆపి బయటికి వచ్చారు. సన్నటి మనిషి. మెడలో టేపు, మాటలో మెత్తదనం.

"టీచరమ్మా, పిల్ల పాడుతదని నాకు ఎరుకనే. గోడకాడ మీరిద్దరు పాడుతుంటే చెవి వెట్టి ఇంటనే ఉంట. గని స్టేజి మీదంటే... మా అన్నకు తెలిస్తే బడి బంద్ చేపిస్తడు. మొగోళ్ల కండ్ల వడొద్దు. గదొక్కటే."

"మగవాళ్లెవరూ రారండి. తల్లులూ, ఆడవాళ్లూ మాత్రమే. చుట్టూ కనాతులు కట్టిస్తాం. ఒక్క మగవాడి నీడ కూడా పడదు. నాదీ పూచీ."

"మాట ఇస్తున్నరా?"

"ఇస్తున్నాను."

ఆయన కాసేపు టేపు చుట్టుకుంటూ నిలబడ్డారు. "అట్లయితే కనాతులు నా కాడికి పంపుండ్రి. కిరాయి కనాతులకు అన్ని బొక్కలే ఉంటయి. నేను కుట్టి ఇస్త" అన్నారు.

చెప్పినట్టే కుట్టారు. షామియానా దుకాణం నుంచి తెచ్చిన ఆ కనాతు గుడ్డల్ని వాకిట్లో పరుచుకుని, ఎండకు ఎత్తి చూసి, సూది మొన పట్టేంత వెలుతురు కనిపించినా అతుకు వేశారు. మబ్బు వేషానికి తెల్ల మల్లు గుడ్డతో పైనుంచి కింది దాకా కుచ్చులు పెట్టి అంగరఖా కూడా కుట్టారు. ఆ రోజుల్లో మిషను చప్పుడు వింటుంటే నా గదిలో కూడా పండగలా ఉండేది. రిహార్సలు అయ్యాక పిల్లలిద్దరూ నా గదికొచ్చేవారు. ముగ్గురం కలిసి అటుకులు తినేవాళ్లం. ఆ కొన్నాళ్లు నేను పప్పు వెచ్చబెట్టుకోలేదు.

దర్జీ కూతురికి ఒకటే లోపం. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అందుకునేది. "ఆగు, నేల పిలిచింది కదా, ఉన్నావో లేవో అని అది కాసేపు భయపడాలి. అప్పుడు పలుకు" అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. "పిల్శినంక పలుకకపోతే నాకు పాపం అనిపిస్తది టీచర్" అనేది.

ఇంతలో టేక్మాల్ పటేలు దిగారు. తలకు రుమాలు, చేతిలో ముల్లుకర్ర, పక్కనే బండి. మగవాళ్లను లోపలికి రానివ్వరని తెలిసి మండిపడ్డారు.

"నా బిడ్డ ఆట ఆడుతుంటే నేను చూడొద్దా? ఇదేం కథ టీచరమ్మా?"

"ఇది ఆడవాళ్ల సభండి. మీ ఇంట్లో అమ్మగారిని పంపండి."

"అది వస్తది. మరి నేను?" అని కాసేపు ఆలోచించి, "మంచిది. లోపలికి రాను. మైకు సెట్టు మాత్రం నేను పెట్టిస్త. గింత మంది ఆడోళ్లు ఒక్కదగ్గర కూసుంటే ఎవల పాట ఎవలికి ఇనవడ్తది?" అన్నారు.

పెద్ద టీచరమ్మ పొంగిపోయారు. మా బడి చరిత్రలో మైకు ఎన్నడూ లేదు. నేనూ సంతోషించాను. వెనక వరసలో కూర్చున్న ముసలమ్మలకు కూడా వినిపిస్తుంది కదా అనుకున్నాను. ఆయన మాటలో వేరే మతలబు ఉందని నాకు తట్టలేదు.

ఆ రోజు మధ్యాహ్నం బడి ఆవరణ నిండిపోయింది. ఉర్దూ చెప్పే ఉస్తానీ, పాపం, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కనాతు చుట్టూ తిరుగుతూ అతుకు అతుకునూ తడిమి చూసింది. ఎక్కడా సందు లేదు. లోపలికి వచ్చిన ఆడవాళ్లు బురఖాలు తీసి ఒళ్లో పెట్టుకుని హాయిగా కూర్చున్నారు. వాళ్ల నవ్వులు, గాజుల చప్పుడు, చంటిపిల్లల ఏడుపు. మైకు స్టేజీ మధ్యలో మెరుస్తూ ఉంది, దాని హారన్ ఒకటి వెనక వరసల వైపు తిరిగి ఉంది. దాని తీగ మాత్రం కనాతు కిందినుంచి బయటికి పోయింది. మైకు సెట్టు కుర్రాడు మగవాడు కనుక పెట్టెతో సహా బయటే కూర్చోవాలి మరి. ఆ ఏర్పాటు చేసింది మేమే. అప్పుడు ఎంత పద్ధతిగా చేశామో అనుకున్నాం.

నాటకం మొదలైంది. నేను పక్కన హార్మోనియం ముందు కూర్చున్నాను. నేల వేషంలో ఉన్న పిల్ల గోధుమరంగు దుప్పటి కప్పుకుని, నడుం మీద చేయి వేసుకుని, భయమన్నది లేకుండా పిలిచింది. ఆగింది. మబ్బు కూడా ఆగింది. ఆ రోజు మొదటిసారి సరిగ్గా ఆగింది. ఆ తర్వాత పలికింది.

"ఉన్నానమ్మా ఉన్నాను..."

లోపల గాజులు కూడా కదలలేదు. నేను వాయిస్తున్నానన్న మాట మర్చిపోయాను. ఒక్కటి మాత్రం గమనించాను. ప్రతి వరసా పూర్తయ్యాక ఎక్కడో దూరంగా, కొంచెం వెనకబడి, అదే వరస వినిపిస్తోంది. ఖిల్లా గుట్టకు తగిలి తిరిగొస్తోందేమో అనుకుని మురిసిపోయాను కూడా.

పాట అయిపోయింది. లోపల చప్పట్లు మొదలయ్యేలోపు కనాతు అవతల, రోడ్డు మీది నుంచి ఒక పెద్ద కేక లేచింది.

"వన్స్ మోర్!"

ఒకరు కాదు, వందమంది మగవాళ్ల గొంతులు. ఈలలు. "వహ్వా! దోబారా!"

ఇందాక మారుమోగింది గుట్ట కాదని అప్పుడు నాకు అర్థమైంది, మిగతాది తర్వాత తెలిసింది. పటేలు మైకు సెట్టు కుర్రాడితో పొద్దున్నే, కనాతులు కట్టకముందే, బడి కప్పు మీద ఇంకో లౌడ్‌స్పీకరు హారన్ కట్టించారు. దాని మూతి బజారు వైపు. లోపలికి రానివ్వకపోయేసరికి ఆ తండ్రి బయట హోటల్లో కూర్చునైనా కూతురి పాట వినాలనుకున్నాడు. ఆ కుర్రాడికి మాత్రం కొత్తేముంది? ఏ సభకైనా హారన్ రోడ్డు వైపే కట్టడం అతని అలవాటు. మేమంతా కళ్లకు కనాతు కట్టాం. చెవుల సంగతి దర్జీకి గానీ, ఉస్తానీకి గానీ, నాకు గానీ తోచలేదు. పాటలు నేర్పేదాన్ని, నాకైనా తోచవద్దా?

లోపల ఆడవాళ్లు చటుక్కున బురఖాలు అందుకున్నారు. దర్జీ కూతురు తెల్ల అంగరఖాలో స్టేజీ మీద నిలబడిపోయింది. నా వంక చూసింది. నేను హార్మోనియం తిత్తి మూసేశాను.

వన్స్ మోర్ అన్నాక పాడకపోవడం నాటకాల్లో లేదు. అది మన దేశపు ఆచారం. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం అందుకుని మళ్లీ చచ్చిపోవాలి. టేక్మాల్ పిల్లకు ఆ ఆచారం బాగా తెలుసు. లోపల ఏం జరుగుతోందో పట్టించుకోకుండా, మళ్లీ నడుం మీద చేయి వేసుకుని పిలిచేసింది:

"కొండ వెనక ఉన్నావా మబ్బా..."

బయట సద్దుమణిగింది. లోపలా సద్దుమణిగింది. ఇప్పుడు పలకాల్సింది మబ్బు.

ఆ పిల్ల అంగరఖా మీద వేసుకున్న ఓణీని తల మీదుగా కప్పుకుంది. మైకు ముందునుంచి పక్కకు జరిగింది. స్టేజీ అంచుదాకా నడిచి వచ్చి, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మల వైపు కొంచెం వంగి, ఇంట్లో పాడుకున్నంత మెల్లగా పాడింది.

"ఉన్నానమ్మా ఉన్నాను, గాలి వీస్తే వస్తాను."

బయట గొడవ మొదలైంది. "మైకు! మైకు వోయింది! అరే మైకు సరిగ్గ పెట్టు!" అని అందరూ కలిసి ఆ మైకు కుర్రాణ్ణి తిట్టారు. వాడు పెట్టె తెరిచి తీగలు పీకి పెడుతున్నాడట. లోపల ఆడవాళ్లు ముందుకు జరిగి, ఒకరి మీద ఒకరు ఒరిగి విన్నారు. పాట మొత్తం అలాగే పాడింది. నేను హార్మోనియం ముట్టుకోలేదు. ఆ రోజు విన్నట్టు ఆ పాట ఇంకెప్పుడూ వినలేదు.

పెద్ద టీచరమ్మ నా భుజం తట్టి మెచ్చుకున్నారు. నాకు ఆ మెప్పు చెవికెక్కలేదు. మాట ఇచ్చిన మనిషిని. గోడ అవతల ఏమవుతుందో అని, ఆ సాయంత్రం నా గదిలో దీపం కూడా పెట్టుకోకుండా కూర్చున్నాను. ఎవరో వచ్చారు, గట్టిగా మాట్లాడారు, వెళ్లిపోయారు. మిషను చప్పుడు లేదు.

మర్నాడు పొద్దున దర్జీ నా వాకిట్లోకి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"టీచరమ్మా, మీ మీద నాకేం కోపం లేదు. హారన్ సంగతి మీకు గూడ తెల్వదని నాకు ఎరుకే."

"నేను మాటిచ్చానండి."

"ఇచ్చిండ్రు. కండ్లకే ఇచ్చిండ్రు, నేను కండ్లకే అడిగిన." ఆయన నేల చూపులు చూశారు. "నేను గా హోటల్‌లనే కూసున్న. చాయ్ తాగుతున్న. హారన్‌ల పాట వచ్చింది. నా బిడ్డ గొంతని పోల్చుకోలే. గోడకాడ ఇన్నప్పుడు చిన్నగ ఉండె, గా హారన్‌ల గంత పెద్దగ వస్తే నాకు సమజ్ కాలే. పాట కాంగనే అందరికంటె ముందుగాల వహ్వా అన్నది నేనే, టీచరమ్మా."

నేను గడప మీద కూర్చుండిపోయాను.

"గప్పుడు పక్కన పటేలు అడిగిండు, 'ఎవల బిడ్డ ఆ మబ్బు? మస్తు పాడుతుంది' అని. అప్పుడు సమజైంది నాకు. నా బిడ్డనే అని చెప్పాల్నని నోటిదాంక వచ్చింది. చెప్పలేకపోయిన. చాయ్ ఆడనే ఇడిశిపెట్టి ఒచ్చిన." కండువాతో ముఖం తుడుచుకున్నారు. "మా అన్న మొన్నటిదాంక ఊకె గునిశెటోడు. నిన్న ఇంటికొచ్చి అందరి ముంగట తేల్చిండు. బడి బంద్. నేను ఒక్కన్నే అయితే తోలేటోన్ని. నలుగుట్ల ఉన్నోన్ని."

"ఒక్క ఏడాదండి. మెట్రిక్ ఒక్కటి..."

"ఎరుకే." వెళ్లబోయి ఆగారు. మా ఇద్దరి ఇళ్లకూ మధ్యనున్న ఆ గోడ మీద చేయి వేశారు. "గోడలకు చెవులుంటయంటరు గద టీచరమ్మా. ఉండనీయిండ్రి. దీనికి మా అన్న అడ్డం రాడు."

అలా బడిలో పోయిన పిల్ల గోడలో మిగిలింది. సాయంత్రాలు నేను ఒక వరస పాడేదాన్ని, అవతలి నుంచి జవాబు వచ్చేది. నేర్పగలిగింది నేర్పాను. మెట్రిక్ మాత్రం గోడలోంచి నేర్పలేం కదా. టీచరు కావాలన్న మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చివర్లో ఎప్పుడూ మబ్బు పాటే పాడుకునేవాళ్లం. నేల వంతు నాది. ఇప్పుడామె తొందరపడి అందుకునేది కాదు. కొన్నిసార్లు చాలాసేపు ఆగేది. ఆ ఆగినంతసేపూ నాకు భయంగా ఉండేది. మేం పాడినంతసేపూ మిషను నడిచేది కాదు.

బడిలో నాటకం పేరు చెప్పి నలుగురైదుగురు ఆడపిల్లలు కొత్తగా చేరారు. పటేలు మనసు కరిగి ఇంకో కూతుర్ని కూడా పంపారు. "చూశావా, ఎంత లాభమో" అన్నారు పెద్ద టీచరమ్మ. ఆవిడా ఒకప్పుడు లెక్కల టీచరే లెండి.

ఆ తర్వాత ఆ అమ్మాయికి జహీరాబాద్ వైపు సంబంధం కుదిరింది. పెళ్లినాడు ఆడవాళ్ల గదిలో నన్ను పట్టుకుని, "గోడకాడ పాడుతుండు టీచర్, బాబా ఒక్కడే ఉంటడు" అంది తండ్రిని తలుచుకుని. నన్ను ఆమె 'నువ్వు' అన్నది అదొక్కసారే. పాడతానన్నాను. ఈ మాట కూడా నేను నిలబెట్టుకోలేకపోయాను. ఆమె వెళ్లిపోయాక ఆ గోడ వైపు తిరిగి కూర్చోవడానికే మనసొప్పేది కాదు. సాధన మానేశాను. పొద్దున వండిన పప్పు మళ్లీ సాయంత్రం వెచ్చబెట్టుకోవడం మొదలైంది. అవతల మిషను ఒక్కటే నడిచేది. ఇదివరకటికంటే ఎక్కువసేపు నడిచేది.

తొలకరి రోజుల్లో ఒక సాయంత్రం ఖిల్లా గుట్ట మీద నల్లగా మబ్బు పట్టింది. నేను కిటికీ దగ్గర బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్నాను. ఏ ఆలోచనా లేకుండానే నోట్లోంచి పాట వచ్చేసింది.

"కొండ వెనక ఉన్నావా మబ్బా, కొండ వెనక ఉన్నావా?"

పాడి, అలవాటు కొద్దీ ఆగాను. జవాబిచ్చేవాళ్లు లేరని అప్పుడు గుర్తొచ్చి, చేటలోకి తల దించుకున్నాను.

అవతల మిషను ఆగింది.

కాసేపటికి గోడలోంచి ఒక మగగొంతు వచ్చింది. బొంగురుగా ఉంది. శ్రుతి ఒక చోట, తాళం ఇంకో చోట. పాట మాత్రం పొల్లుపోకుండా వచ్చు. ఇన్నాళ్లూ మిషను ఆపుకుని కూర్చుని ఆయన ఏం చేశారో అప్పుడు తెలిసింది.

"ఉన్ననమ్మా ఉన్నను..."

నేను దిద్దలేదు. చేట పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుని, రెండో చరణం అందుకున్నాను.